ఓ మోస్తరు ధరలో మొదటి గిటారు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మన సంఘాలలో గిటారు ఈనాడు కొత్త వస్తువు కాదు. పట్టణ సంఘాలలోనే కాక, మండల కేంద్రాలలోని చిన్న మందిరాలలో సైతం హార్మోనియం, తబలా, డోలక్‌ల పక్కన ఒక గిటారు కనబడుతూ ఉంటుంది. అయితే దానిని వాయించేవారు ఎందరు అన్నది వేరే ప్రశ్న. యౌవనస్థులు తలా కొంత వేసుకుని, లేదా కాపరి తన జీతంలో నుండి కొంత మిగిల్చి, పట్నం వెళ్లి అందిన ధరలో ఒక గిటారు కొని తెస్తారు. నేర్చుకోవాలన్న ఆశతో ఒక కుర్రవాడు రెండు నెలలు దానితో కుస్తీ పడతాడు. వేళ్ల కొసలు మండిపోతాయి గాని కార్డ్ స్పష్టంగా మోగదు. శ్రుతి చేసిన పది నిమిషాలకే మళ్లీ తప్పుతుంది. చివరకు "నాకు సంగీతం రాదు" అని ఆ పిల్లవాడు తనమీద తానే తీర్పు చెప్పుకుంటాడు. గిటారు మందిరపు గోడకు చేరుతుంది.

ఈ తీర్పు చాలాసార్లు అన్యాయమైనది. లోపం పిల్లవాడి చేతుల్లో కాక అతని చేతికి ఇచ్చిన వాద్యంలో ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో పోయేది గిటారు కొన్న డబ్బు మాత్రమే కాదు. ఆ సంఘానికి మరో ముప్పై ఏళ్లు పాటలు నడిపించగల ఒక వ్యక్తిని కూడా పోగొట్టుకుంటున్నాం. కాబట్టి మొదటి గిటారును ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న దుకాణదారుకు వదిలివేయదగినంత చిన్నది కాదు.

ఈ ప్రశ్నకు చరిత్ర ద్వారా జవాబు వెదకడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. గిటారు ధర గత రెండు శతాబ్దాలలో పలుమార్లు తగ్గింది. తగ్గిన ప్రతిసారీ తయారీదారులు ఏదో ఒక భాగం మీద ఖర్చు తగ్గించారు. ఏ భాగంలో తగ్గిస్తే పెద్దగా నష్టం లేదో, ఏ భాగంలో తగ్గిస్తే నేర్చుకునేవాడు నష్టపోతాడో ఆ చరిత్రలోనే ఉంది. దానిని ఎరిగినవాడు పది వేల రూపాయలను సైతం తెలివిగా ఖర్చు చేయగలడు.

1. ఒబెర్న్‌డార్ఫ్: అవసరానికి తగిన వాద్యం

గిటారు ఆరాధనలోకి ఇటీవల వచ్చిందని, అదీ సినిమాల ప్రభావంతో వచ్చిందని మనలో చాలామంది అభిప్రాయం. నిజానికి ప్రపంచమంతా "సైలెంట్ నైట్" పేరుతో ఎరిగిన క్రిస్మస్ గీతం గిటారుతోనే మొదటిసారి వినబడింది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్‌కు సమీపాన, సాల్జాక్ నది ఒడ్డున ఒబెర్న్‌డార్ఫ్ అనే ఊరు ఉంది. 1818లో అక్కడి పరిశుద్ధ నికొలాసు దేవాలయంలో జోసెఫ్ మోర్ సహాయక గురువుగా ఉన్నారు. ఆయన 1816లో తాను వ్రాసిన పద్యాన్ని 1818 డిసెంబరు 24న ఆ దేవాలయపు ఆర్గనిస్టు, బడిపంతులు అయిన ఫ్రాన్జ్ గ్రూబర్‌కు ఇచ్చి, రెండు గొంతులకు, పాటబృందానికి, గిటారుకు తగినట్లు స్వరం కట్టమని కోరారు. ఆ రాత్రే మోర్ గిటారు వాయిస్తూ పై గొంతు పాడగా, గ్రూబర్ కింది గొంతు పాడారు.

ఎలుకలు ఆర్గన్ తిత్తులను కొరికివేయడం వల్ల గత్యంతరం లేక గిటారు వాడారని ఒక కథ ప్రచారంలో ఉంది. క్రిస్మస్ ప్రసంగాలలో ఇది తరచుగా వినబడుతుంది. అయితే గ్రూబర్ 1854లో ఈ పాట పుట్టుకను గురించి స్వయంగా వ్రాసిన వివరణలో ఆ ప్రస్తావన ఏమీ లేదు. మోర్ సాల్జ్‌బర్గ్‌లో ఒక పేద కుట్టుపనిమనిషికి పుట్టిన బిడ్డ. 1848లో వాగ్రైన్ అనే కొండ ఊరిలో పేదగానే కన్నుమూశారు. ఆయన వాయించిన గిటారు నేటికీ హాలైన్ పట్టణంలోని మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఆ కాలపు గిటారు నేటి వాద్యంకన్నా చిన్నది. దానికి జంతువుల పేగులతో చేసిన తీగలు ఉండేవి గనుక వేళ్లకు మెత్తగా ఉండేది, శబ్దం తక్కువ. పెద్ద దేవాలయాన్ని నింపడం దాని పని కాదు. రెండు గొంతులకు శ్రుతి, లయ ఆధారంగా నిలిస్తే చాలు. మొదటి గిటారు కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే. ఎవరి చేతికి, ఏ పాటకు, ఎంతమంది మధ్య అన్నది తేలకుండా ధర గురించి ఆలోచించడం వృథా.

2. అల్మేరియా: అట్టతో చేసిన గిటారు

నేటి క్లాసికల్ గిటారు రూపాన్ని స్థిరపరచిన వ్యక్తి స్పెయిన్ దేశస్థుడైన అంతోనియో దె తోరెస్ (1817–1892). అల్మేరియా ప్రాంతానికి చెందిన ఆయన వడ్రంగం నేర్చుకుని గిటారు తయారీలో దిగారు. ఎంత ఖ్యాతి వచ్చినా ఆ వృత్తి కూడు పెట్టని కాలంలో పింగాణీ సామాన్ల దుకాణం పెట్టుకుని జీవించవలసి వచ్చింది.

గిటారు నాదం ఎక్కడి నుండి వస్తుందన్న చర్చను తేల్చడానికి తోరెస్ 1862లో ఒక ప్రయోగం చేశారు. పై పలకను మామూలుగా మంచి స్ప్రూస్ కలపతో చేసి, దాని అడుగున తన పద్ధతిలో సన్నని బద్దెలు అమర్చారు. పక్కలను, వెనుక భాగాన్ని మాత్రం కాగితపు గుజ్జు అట్టతో చేశారు. ఆ గిటారు నేటికీ బార్సెలోనా సంగీత మ్యూజియంలో ఉంది. గిటారు స్వరానికి ప్రాణం పై పలకలోనూ, దాని అడుగున ఉన్న బద్దెల అమరికలోనూ ఉందని ఆయన దానితో చూపించదలచారు. వెనుక భాగానికి అసలు ప్రభావం లేదని దీని అర్థం కాదు. దాని ప్రభావం పై పలకతో పోల్చితే స్వల్పమని మాత్రం గ్రహించాలి.

ఓ మోస్తరు ధరలో గిటారు కొనేవారికి ఈ అట్ట గిటారు ఇచ్చే పాఠం చాలా విలువైనది. దుకాణాలలో "రోజ్‌వుడ్ బాడీ" అని చెప్పి ధర పెంచడం పరిపాటి. మన దక్షిణాది అడవులలో పెరిగే రోజ్‌వుడ్‌కు, అంటే జిట్రేగి కలపకు, గిటారు ప్రపంచంలో గొప్ప పేరున్న మాట నిజమే. బ్రెజిల్ దేశం తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపివేసినప్పుడు, 1960ల చివర నుండి అమెరికాలోని పేరున్న గిటారు తయారీదారులు భారతదేశపు రోజ్‌వుడ్ వైపు తిరిగారు. అయితే తక్కువ ధర గిటారులో కనబడే రోజ్‌వుడ్ సాధారణంగా ప్లైవుడ్ మీద అంటించిన పలుచని పొర. చేతిలో పరిమితమైన డబ్బు ఉన్నప్పుడు దానిని వెనుక చెక్క మీద పెట్టడం కన్నా పై పలక మీద పెట్టడం మేలు. పై పలక ఒకే చెక్కగా ఉండి, పక్కలు, వెనుక భాగం ప్లైవుడ్‌తో ఉన్న గిటారు ఈ ధరలో న్యాయమైన బేరం.

3. నాజరెత్: ఇనుప తీగల భారం

అయితే నేడు మన సంఘాలలో ఎక్కువగా కనబడేది స్పెయిన్ పద్ధతి గిటారు కాదు, ఇనుప తీగల గిటారు. దాని కథ జర్మనీలో మొదలై అమెరికాలో ఒక క్రైస్తవ గ్రామంలో స్థిరపడింది. క్రిస్టియన్ ఫ్రెడ్రిక్ మార్టిన్ 1796లో సాక్సనీలోని మార్క్‌న్యూకిర్షెన్‌లో జన్మించారు. ఆ ఊరిలో వయొలిన్ చేసేవారికీ, బీరువాలు బల్లలు చేసే వడ్రంగులకూ వేర్వేరు వృత్తి సంఘాలు ఉండేవి. గిటారు చేసే హక్కు ఎవరిదన్న విషయంపై 1826లోనూ 1832లోనూ వయొలిన్ సంఘంవారు ఫిర్యాదు చేశారు. వడ్రంగులు కేవలం సామాన్లు చేసేవారని, వాద్యం చేయదగినవారు కాదని వారి వాదన. మార్టిన్ కుటుంబం ఆ వడ్రంగుల పక్షాన ఉండేది. 1833లో ఆయన న్యూయార్క్‌కు వలసవెళ్లి, 1830ల చివర పెన్సిల్వేనియాలోని నాజరెత్‌కు చేరారు. 18వ శతాబ్దిలో మొరేవియన్ క్రైస్తవులు స్థాపించుకున్న గ్రామమిది. జిన్‌జెండార్ఫ్ పేరు, హెర్న్‌హుట్ ప్రార్థనల చరిత్ర చదివిన మన విద్యార్థులకు మొరేవియన్లు కొత్తవారు కారు. సంగీతం వారి సంఘ జీవితంలో ఎంత లోతుగా నాటుకున్నదో కూడా విదితమే.

1840లలో మార్టిన్ కార్యశాలలో పై పలక అడుగున బద్దెలను ఇంటూ గుర్తు ఆకారంలో అమర్చే పద్ధతి రూపుదిద్దుకుంది. అప్పటికి వాడుకలో ఉన్నవి పేగు తీగలే. 20వ శతాబ్ది ప్రారంభంలో పెద్ద శబ్దం కోసం ఇనుప తీగలు వాడుక పెరిగినప్పుడు, వాటి లాగుడును తట్టుకోవడానికి ఈ అమరిక బాగా పనికివచ్చింది. ఈ లాగుడు ఎంతటిదో తెలుసుకోవడం అవసరం. నైలాన్ తీగలు ఆరూ కలిసి గిటారును సుమారు 40 కిలోల బలంతో లాగుతాయి. సన్నరకం ఇనుప తీగలు సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. రాత్రింబవళ్లు ఒక మనిషి బరువు ఆ పలుచని పలకను, ఆ సన్నని మెడను వంచడానికి ప్రయత్నిస్తూ ఉంటుందన్నమాట.

మెడ వంగే సమస్యకు 1920లలో ఒక పరిష్కారం వచ్చింది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ రూపొందించిన, బిగించడానికి వీలైన ఇనుప కడ్డీకి 1923లో పేటెంటు లభించింది. నేడు దీనిని ట్రస్ రాడ్ అంటున్నాం. మెడ లోపల దాగి ఉండే ఈ కడ్డీని చిన్న తాళంచెవి వంటి పనిముట్టుతో తిప్పి, మెడ వంపును సరిచేయవచ్చు. ఇనుప తీగల గిటారు కొనేటప్పుడు ఈ కడ్డీ ఉందో లేదో, అది తిరుగుతుందో లేదో చూడకుండా డబ్బు చెల్లించకూడదు.

4. షికాగో: కేటలాగు గిటారు

గిటారు నిజంగా సామాన్యుని ఇంటికి చేరింది షికాగో నుండి. 1890ల నుండి సియర్స్ రోబక్ వంటి కంపెనీలు లావైన కేటలాగులు అచ్చువేసి, విత్తనాల నుండి కుట్టుమిషన్ల వరకు అన్నీ తపాలా ద్వారా పల్లెలకు పంపేవి. ఆ పుటలలో కొద్ది డాలర్లకే గిటారు దొరికేది. షికాగోలో 1892లో విల్హెల్మ్ షుల్జ్ స్థాపించిన హార్మనీ కంపెనీని 1916లో సియర్స్ కొనుగోలు చేసింది. న్యూజెర్సీలో ఆస్కార్ ష్మిట్ కంపెనీ "స్టెల్లా" పేరుతో ఇటువంటి చవక గిటార్లనే లక్షల ఇళ్లకు చేర్చింది. పత్తి పొలాల్లో పనిచేసే కూలీ సైతం ఒక గిటారుకు యజమాని కాగలిగాడు.

ధర ఎలా తగ్గింది? పై పలకకు స్ప్రూస్ బదులు చవకైన బర్చ్ కలప వాడారు. దానిమీద రంగులు పూసి, ఖరీదైన కలప ఈనెలను అనుకరించే చిత్రణ చేశారు. అడుగు బద్దెలను ఇంటూ ఆకారంలో కాక, నిచ్చెన మెట్లలా అడ్డంగా అతికించారు. చాలా గిటార్లలో మెడకు బిగించే కడ్డీ లేదు. కొన్న కొత్తలో అంతా బాగానే ఉండేది. తీగల లాగుడుకు ఏళ్లు గడిచేకొద్దీ మెడ ముందుకు వంగి, తీగలు ఫ్రెట్‌ల మీద నుండి పైకి లేచిపోయేవి.

ఈ కాలపు క్రైస్తవ సంగీతంలో గొప్ప పేర్లు వినబడతాయి. టెక్సాస్‌కు చెందిన అంధ గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927 నుండి 1930 వరకు కొలంబియా కంపెనీకి రికార్డు చేసిన పాటలు 30. తీగలను వేళ్లతో నొక్కక, వాటిమీద ఒక గట్టి వస్తువును జరుపుతూ వాయించడం ఆయన పద్ధతి. ఆయన రికార్డులలో ఒకటి 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలో భూమిని దాటి వెళ్లింది. అర్కన్సాలో పుట్టిన రోజెటా థార్ప్ (1915–1973) చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ కూటములలో తల్లి పక్కన నిలబడి బాల్యం నుండే గిటారు వాయిస్తూ పాడారు. 1938 నుండి ఆమె రికార్డులు దేశమంతటా వినబడ్డాయి.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక జాగ్రత్త తీసుకోవాలి. "పనితనం ఉంటే ఏ గిటారైనా ఒకటే, వారు అలా నేర్చుకోలేదా?" అని పెద్దలు అంటూ ఉంటారు. మనకు రికార్డులు మిగిలినవారు గెలిచినవారు మాత్రమే. అదే కేటలాగు నుండి అదే గిటారు తెప్పించుకుని, తీగలు నొక్కలేక, తమకు చేతకాదనుకుని మూలపెట్టినవారి రికార్డులు ఎక్కడా లేవు. వారిని లెక్కించినవారూ లేరు. జాన్సన్ పద్ధతిలో తీగ ఎత్తుగా ఉన్నా అడ్డం కాదు. నొక్కి కార్డ్ పట్టవలసిన కొత్తవానికి అదే పెద్ద అడ్డంకి. అసాధారణ ప్రతిభ గలవారిని చూపించి సాధారణ విద్యార్థికి చెడ్డ వాద్యం ఇవ్వడం న్యాయం కాదు.

5. హమామత్సు: ప్లైవుడ్, కచ్చితమైన మెడ

ధర తగ్గడంలో తరువాతి మలుపు జపాన్‌ది. హమామత్సు పట్టణంలో తొరకుసు యమహా 1887లో ఒక పాఠశాలలోని రీడ్ ఆర్గన్‌ను బాగుచేయడంతో తన ప్రస్థానం ప్రారంభించారు. ఆయన స్థాపించిన కంపెనీ 1966లో ఎఫ్‌జి-180, ఎఫ్‌జి-150 అనే జానపద గిటార్లను విడుదల చేసింది. వీటి పై పలక ఒకే చెక్క కాదు, స్ప్రూస్ పొరలతో చేసిన ప్లైవుడ్. అయినా ఇవి మంచి పేరు తెచ్చుకున్నాయి. యంత్రాల కచ్చితత్వంతో చేసిన మెడ నిటారుగా ఉండేది, ఫ్రెట్‌లు సమంగా కూర్చునేవి, శ్రుతి నిలిచేది. షికాగోవారు అలంకరణను నిలబెట్టి మెడ దగ్గర ఖర్చు తగ్గించగా, జపాన్‌వారు కలప దగ్గర ఖర్చు తగ్గించి మెడను కాపాడారు. ఫలితం ఏమిటో అందరూ ఎరిగినదే. హార్మనీ కంపెనీ 1970ల మధ్యలో మూతపడింది. జపాన్ గిటార్లు ప్రపంచమంతా నిండాయి.

ఈ మార్పు సంఘ చరిత్రలో ఒక ముఖ్యమైన కాలంతో కలిసింది. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధనా శాసనం 120వ పేరాలో ఆర్గన్‌కు గౌరవస్థానం ఇస్తూనే, పరిశుద్ధ వినియోగానికి తగిన ఇతర వాద్యాలకు కూడా అధికారుల సమ్మతితో తలుపు తెరిచింది. కాలిఫోర్నియాలో 1960ల చివర మొదలైన యౌవనుల ఉజ్జీవం నుండి గిటారు పాటలు ప్రొటెస్టెంటు సంఘాలలోకి ప్రవహించాయి. ఆ సంఘాల యౌవనులు ఖరీదైన వాద్యాలు కొనగలిగినవారు కారు. ఓ మోస్తరు ధరలో నమ్మదగిన గిటారు దొరకకపోయి ఉంటే ఈ పాటలు ఇంత త్వరగా వ్యాపించేవని చెప్పలేం.

ప్లైవుడ్ పై పలక విషయంలో మన వాతావరణాన్ని కూడా గమనించాలి. ఒకే చెక్కగా ఉన్న పలక స్వరంలో మేలైనదే గాని గాలిలోని తేమకు ఉబ్బుతుంది, పొడి ఎండకు ముడుచుకుంటుంది, కొన్నిసార్లు చీలుతుంది. కోస్తాలో వానాకాలపు తేమ, తెలంగాణ, రాయలసీమలలో వేసవి పొడిగాలి రెండూ దానికి పరీక్షలే. రేకుల కప్పు మందిరంలో ఏడాది పొడవునా గోడకు వేలాడదీయబోయే గిటారైతే, ప్లైవుడ్ పలక గలదే ఎక్కువకాలం నిలుస్తుంది. ఇంట్లో పెట్టెలో భద్రపరచుకునే విద్యార్థికి ఒకే చెక్క పలక గలది మంచిది.

6. మన దేశంలో: హార్మోనియం నుండి గిటారు వరకు

విదేశీ వాద్యం మన ఆరాధనలో ఇమడదన్న అభ్యంతరం నేటికీ వినబడుతుంది. ఈ సందర్భంలో హార్మోనియం చరిత్ర జ్ఞాపకం చేసుకోవడం మంచిది. 1840ల ప్రారంభంలో పారిస్‌లో డెబెన్ పేటెంటు పొందిన వాద్యమది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టే హార్మోనియంను రూపొందించిన తరువాత అది మనదైపోయింది. రాగాలలోని సూక్ష్మ స్వరాలు పలకలేదన్న కారణంతో ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని నిషేధించినా, మన సంఘాలు దానిని విడువలేదు. చవకగా, మరమ్మతుకు సులభంగా, పాడేవారికి శ్రుతి ఆధారంగా ఉన్నందువల్లనే అది నిలిచింది.

గిటారు మన దేశంలో మొదట హవాయి పద్ధతిలో, అనగా ఒళ్లో పెట్టుకుని తీగలమీద కడ్డీ జరుపుతూ వాయించే రీతిలో ప్రసిద్ధి పొందింది. 1940లలో కలకత్తాలో నివసించిన హవాయి కళాకారుడు తావు మో దీనికి ఎంతో దోహదం చేశారు. ఆ మార్గంలోనే వచ్చిన విశ్వమోహన్ భట్ మోహనవీణకు 1994లో గ్రామీ పురస్కారం దక్కింది. కలకత్తా నగరమే గివ్సన్ వంటి దేశీయ గిటార్లకు కూడా పుట్టిల్లయింది. అధిక దిగుమతి సుంకాల వల్ల విదేశీ గిటారు అందని కాలంలో మన కాలేజీలకు, మందిరాలకు చేరినవి ఎక్కువగా ఈ దేశీయ గిటార్లే. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత ఇండోనేషియా, చైనాలలో కంప్యూటర్ యంత్రాలతో తయారైన గిటార్లు మన జిల్లా కేంద్రాల దుకాణాలకు వచ్చాయి. వీటిలో మంచివీ ఉన్నాయి, బొమ్మలవంటివీ ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఇక పాటల విషయం. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి కీర్తనలు రాగతాళాలలో పుట్టినవి. వాటికి గిటారు కార్డులను యాంత్రికంగా తగిలిస్తే రాగం దెబ్బతినే మాట వాస్తవం. అయితే ఫ్రెట్‌లు ఉన్నంత మాత్రాన వాద్యం రాగానికి శత్రువు కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) ఇంట్లో ఉన్న తండ్రి మాండలిన్‌ను ఆరేళ్ల ప్రాయంలో చేతపట్టి, ఫ్రెట్‌లు గల ఆ పాశ్చాత్య వాద్యంపై కర్ణాటక సంగీతాన్ని లోకమంతా వినిపించారు. కీర్తనలకు గిటారు వాయించే విద్యార్థి మొదట ఆధార షడ్జమాన్ని, పంచమాన్ని నిలిపి, పాటను గొంతుతో నేర్చుకున్న తరువాతే కార్డులు వెదకడం మంచిది. ఇందుకు కావలసింది ఖరీదైన గిటారు కాదు, శ్రుతి తప్పని గిటారు.

7. చరిత్ర వెలుగులో ఎంపిక

పై పరిశీలన నుండి కొనుగోలుకు ఒక వరుస ఏర్పడుతుంది. మొదట మెడ, తరువాత తీగల ఎత్తు, తరువాత శ్రుతి, ఆ తరువాతే కలప. అలంకరణ అన్నిటికన్నా చివరిది.

మెడను పరీక్షించడానికి గిటారును కంటి దగ్గర పెట్టుకుని, తల వైపు నుండి బాణం గురిచూసినట్లు చూడాలి. అతి స్వల్పమైన లోవంపు ఉండవచ్చు. మెలితిరిగి ఉంటే దానిని అక్కడే వదిలివేయాలి. మెడ అంచున వేలు జరిపినప్పుడు ఫ్రెట్‌ల కొసలు గీరుకోకూడదు.

తీగల ఎత్తును 12వ ఫ్రెట్ దగ్గర చిన్న స్కేలుతో కొలవాలి. ఫ్రెట్ పైభాగం నుండి తీగ అడుగు వరకు లావు తీగకు సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగకు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే కొత్తవానికి హాయిగా ఉంటుంది. ఎక్కువగా ఉంటే బ్రిడ్జ్ మీద తీగలు ఆనే తెల్లని పట్టీని, అంటే శాడిల్‌ను, చూడాలి. దానిని 1 మిల్లీమీటరు అరగదీస్తే 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు అర మిల్లీమీటరు తగ్గుతుంది. శాడిల్ ఇప్పటికే చెక్కకు ఆనుకుపోయేంత తక్కువగా ఉండి, అయినా తీగలు ఎత్తుగా ఉంటే, మెడ కోణమే చెడిందని అర్థం. ట్రస్ రాడ్ దానిని బాగుచేయలేదు, ఆ మరమ్మతు ఖర్చు గిటారు ధరను మించిపోతుంది. పాత గిటారు కొనేవారికి ఈ ఒక్క పరీక్ష చాలా నష్టాన్ని తప్పిస్తుంది. బ్రిడ్జ్ వెనుక అంచు పలక నుండి లేచి ఉన్నదేమో కూడా అప్పుడే చూడాలి.

శ్రుతి పరీక్షకు, ప్రతి తీగను ముందు వదిలి మీటి, తరువాత 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటాలి. రెండవది మొదటిదానికి సరిగ్గా పై షడ్జమంగా పలకాలి. చెవి మీద నమ్మకం లేకపోతే సెల్‌ఫోనులోని ట్యూనర్ చెబుతుంది. ఇక్కడ తేడా ఉన్న గిటారు ఎంత సాధన చేసినా పాటకు కలవదు. అలాగే మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కడం మరీ కష్టంగా ఉంటే, తల దగ్గరి నట్ గాళ్లు లోతు చాలలేదని అర్థం. ఎఫ్ కార్డ్ రాక చదువు మానుకున్నవారిలో చాలామందికి అడ్డుపడింది ఇదే. మంచి పనివాడు దీనిని కొద్దిసేపటిలో సరిచేస్తాడు.

పరిమాణం విషయంలో, అందరూ కొంటున్నారని పెద్ద డ్రెడ్‌నాట్ గిటారే కొనవలసిన పనిలేదు. పిల్లలకు, చిన్న చేతులవారికి, నడుము సన్నగా ఉండే చిన్న గిటారు ఒడిలో చక్కగా కూర్చుంటుంది. వేళ్లు బొత్తిగా తట్టుకోలేనివారికి నైలాన్ తీగల గిటారు మంచి ఆరంభం. అయితే దానికి ఎన్నడూ ఇనుప తీగలు వేయకూడదు. 40 కిలోల లాగుడుకు చేసిన పలక 70 కిలోలను మోయలేదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నేటి ధరలలో రమారమి ₹10,000కు అటూ ఇటూగా ప్లైవుడ్ పలకతో నమ్మదగిన గిటారు, ₹15,000 నుండి ₹20,000 మధ్య ఒకే చెక్క పలక గల గిటారు దొరుకుతున్నాయి. ఉన్న మొత్తమంతా గిటారుకే పెట్టకూడదు. నాలుగింట మూడు వంతులు గిటారుకు పెట్టి, మిగిలిన వంతు తీగల ఎత్తు సరిచేయించడానికి, ఒక అదనపు తీగల సెట్టుకు, మందమైన సంచికి, కేపోకు ఉంచుకోవాలి. స్త్రీలు, పురుషులు కలిసి పాడే శ్రుతికి తెలిసిన కార్డులనే మార్చి వాయించడానికి కేపో ఎంతో సహాయం. సౌండ్ బాక్సుకు తగిలించే పికప్ గల గిటారు తక్కువ ధరకు దొరికితే, ఆ యంత్రానికి అయిన ఖర్చు ఎక్కడో మెడలోనో పలకలోనో తగ్గించి ఉంటారని గ్రహించాలి. మొదటి గిటారుకు మందిరంలో ఉన్న మైకే చాలు. రంగుల మెరుపులు, పొదుగుడు పూలు షికాగో కేటలాగు నాటి చిత్రణకు వారసులే.

ముగింపు

మోర్ గిటారు చిన్నది, తోరెస్ గిటారు వీపు అట్టది, హమామత్సు గిటారు ప్లైవుడ్‌ది. అయినా అవి తమ పని చేశాయి, ఎందుకంటే ముఖ్యమైన చోట వాటి తయారీదారులు రాజీపడలేదు. కేటలాగు గిటారు అందంగా కనబడింది గాని మెడ దగ్గర రాజీపడింది, దాని మూల్యం కొన్నవాడు చెల్లించాడు. తక్కువ ధర దోషం కాదని, ఎక్కడ తగ్గించారో తెలియకుండా కొనడమే దోషమని ఈ చరిత్ర మనకు తెలుపుతున్నది.

కాబట్టి సంఘ కాపరులు, వేదాంత విద్యార్థులు రెండు పనులు చేయవచ్చు. కొత్త గిటారు కొనడానికి వెళ్లేటప్పుడు వాయించడం తెలిసిన ఒకరిని, ఒక చిన్న స్కేలును వెంట తీసుకువెళ్లాలి. అంతకంటే ముందు, మందిరపు గోడకు వేలాడుతున్న గిటారును కిందికి దించి, పైన చెప్పిన పరీక్షలు దానికే చేయాలి. శాడిల్ కొంచెం అరగదీసి, కొత్త తీగలు వేస్తే అది మళ్లీ పలకవచ్చు. అప్పుడు, తనకు సంగీతం రాదని లేచిపోయిన ఆ కుర్రవానిని పిలిచి, ఇంకొకసారి ప్రయత్నించమని దానిని అతని చేతికి ఇవ్వాలి.